పేడ దాలికా, గ్యాసుకా?

పెళ్ళిచూపుల్లో మా అత్తగారు నన్ను పాట పాడమనలేదు, నడిచి చూపించమనలేదు. "కట్టెల పొయ్యి మీద వండుతావా అమ్మాయ్?" అని ఒక్కటే ప్రశ్న వేశారు. "వండుతానండీ" అన్నాను. నా జన్మలో ఆడిన అబద్ధాల్లో నన్ను అంతగా ఏడిపించింది మరొకటి లేదు.

మాది బెజవాడ వన్ టౌన్. గోడౌన్ల మధ్య సందులో, మేడమీద మూడు గదుల వాటా. మనుషులు పడుకోవడానికే చోటు లేని ఇంట్లో కట్టెలు ఎక్కడ పెట్టుకుంటాం? మా అమ్మ వంటంతా రంపప్పొట్టు పొయ్యి మీద జరిగేది. పాత డబ్బాకి అడుగు పక్కన కన్నం కొట్టించి, మధ్యలో ఖాళీ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా కూరాలి. తర్వాత సీసాని మెల్లగా తిప్పుతూ పైకి లాగితే మధ్యలో గొట్టంలా దారి మిగులుతుంది. అడుగు కన్నంలో పుల్ల వెలిగించి పెడితే రెండు కూరలూ అన్నమూ అయ్యేదాకా నిప్పు ఉంటుంది. ఆ సీసా లాగడం మా ఇంట్లో నాకొక్కదానికే చేతనయ్యేది. తమ్ముడు లాగితే పొట్టంతా కూలిపోయేది. కాబట్టి పొయ్యి విద్య నాకు వచ్చుననే అనుకున్నాను, ఆ మాటే చెప్పాను.

కిరసనాయిలు స్టవ్వు కూడా ఉండేదిలెండి, అటకమీద. డెబ్బైల్లో ఎక్కడో ఎడారి దేశాల వాళ్ళు చమురు ధర పెంచారని పేపర్లో చదివాం. ఆ వార్త మా సందులోకి కిరసనాయిలు క్యూ రూపంలో వచ్చింది. డబ్బా పట్టుకుని గంటలు గంటలు నిలబడితే, మన వంతు వచ్చేసరికి డ్రమ్ము అడుగున గరిట గీకుతున్న చప్పుడు వినబడేది. గ్యాసు సిలిండరు అంటారా, ఆ సందులో ఒక్క ఇంట్లోనే ఉండేది. వాళ్ళు దాన్ని హాల్లో పెట్టి, పైన అల్లిన గుడ్డ కప్పేవారు.

నేను కాపురానికి వెళ్ళింది కంకిపాడుకి నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ గట్టున ఉన్న పల్లెకి. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, నేను. చావిడిలో రెండు ఎడ్లు, నాలుగు గేదెలు. వాటిని చూసుకునే ముసలి పాలేరు, పొలం పనికి వచ్చే మరో ముగ్గురు. అందరికీ రెండుపూటలా వంట. వెళ్ళిన మొదటి వారం వర్షాలు. తడిసిన తుమ్మ మొద్దులు పొయ్యిలో పెట్టి, ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్ళు చింతనిప్పుల్లా చేసుకుని బయటికి వచ్చేదాన్ని. చుట్టుపక్కల ఆడవాళ్ళు జాలిపడి, "పుట్టింటి మీద బెంగ పెట్టుకుంది పాపం" అన్నారు. బెంగా లేదు పాడూ లేదు. మా అమ్మ నాలుగు రోజులకోసారి కార్డు రాస్తూనే ఉంది. అదంతా తుమ్మ మహిమ.

మా అత్తగారు గడప దగ్గర నిలబడి చూసి, "వండుతానన్నావ్ గదా అమ్మాయ్" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. ఆవిడ అబద్ధం ఆడరు, ఇంకొకరు ఆడతారని కూడా చప్పున తోచదు.

ఆవిడ దాలి సంగతి ఇక్కడ చెప్పాలి. వంటింటి వెనక గోడ వారగా నడుమెత్తు మట్టి గూడు ఉండేది. అందులో పిడకలు చుట్టూ పేర్చి, నడుమ నిప్పు వేసి, పైన పాలకుండ పెడితే, మంట రాకుండా, ఆరిపోకుండా పొద్దు వాలేదాకా రగులుతూ ఉంటుంది. దాన్నే దాలి అంటారు. దాలి మీద పాలు పొంగవు. నెమ్మదిగా కాగి కాగి ఎర్రబడతాయి, పైన మీగడ అట్టులా కడుతుంది. ఆ పాలు తోడుపెడితే గిన్నె బోర్లించినా పెరుగు జారదు. ఊళ్ళో ఎవరింట్లో తోడు లేకపోయినా చిన్న గిన్నె పట్టుకుని మా ఇంటికే వచ్చేవారు. ఆవిడ తానే లేచి వెళ్ళి గరిటెడు వేసి పంపేవారు. దాలిలో పిడక సర్దడానికి కూడా నన్ను దగ్గరికి రానిచ్చేవారు కాదు. పిడకలు కూడా ఆవిడే చేసుకునేవారు.

నేను బి.ఏ. చదివి, బీఎడ్ కూడా చేశాను. పెళ్ళయిన మరుసటేడు వేసవిలో కంకిపాడు ఆడపిల్లల బడిలో సోషల్ టీచరు కావాలని తెలిసింది. వెళ్ళి కలిశాను. హెడ్‌మిస్ట్రెస్ గారు తెల్లచీర కట్టుకుని, కళ్ళజోడు పైనుంచి చూసే మనిషి. "ఒక ఏడాది టెంపరరీగా వెయ్యండమ్మా. బాగా చెబితే పర్మనెంటుకి రాస్తాను. ఆలస్యంగా రావడం మాత్రం నాకు పనికిరాదు" అన్నారు. బందరు నుంచి బెజవాడ వెళ్ళే బస్సు మా ఊరి మలుపు దగ్గర ఎనిమిదింటికి ఆగేది. అది తప్పితే తర్వాతది తొమ్మిదింబావుకి. బడి గంట తొమ్మిదింటికి.

ఇంటికి వచ్చి చెప్పాను. మా అత్తగారు చేట పక్కన పెట్టి, "చెయ్యొద్దని నేనెందుకంటాను? వంట అయ్యాక ఎక్కడికైనా వెళ్ళు" అన్నారు. కట్టెల మీద మా ఇంటి వంట తొమ్మిదిన్నరకి గానీ అవదని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. వద్దు అనే మాట నోట రాకుండా వద్దనడం ఒక కళ. ఆ రోజు గుమ్మం వెనక నిలబడి పళ్ళు నూరుకున్నాను. చిన్నప్పట్నించీ నాకు ముక్కుమీద కోపం.

మా ఆయనది మరో ధోరణి. వ్యవసాయం మీద వచ్చే ప్రతి కాగితమూ చదివేవారు. బెజవాడలో ఏదో మీటింగుకి వెళ్ళి, అరచేతిలో బొమ్మ గీసుకుంటూ తిరిగొచ్చారు. గోబర్ గ్యాసు. పేడా నీళ్ళూ కలిపి బావిలో పోస్తే, పైన ఇనుప డ్రమ్ములో గ్యాసు నిండుతుంది, గొట్టం గుండా వంటింట్లోకి వస్తుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఉపన్యాసం మొదలైంది.

"కిరసనాయిలు అయిపోద్ది. అడవులు అయిపోతాయి. ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చి కరెంటు తీస్తామంటున్నారు, బాగానే ఉంది, కానీ బొగ్గు మాత్రం ఎన్నాళ్ళుంటుంది? గేదె ఉన్నన్నాళ్ళూ పేడ ఉంటుంది. రాబోయే కాలమంతా మన చావిట్లోనే ఉందమ్మా!"

"చావిట్లో ఉన్నది ఎత్తి పొయ్యడానికి మనిషి కావాలి గదరా" అన్నారు మా అత్తగారు.

నాకు దేశ భవిష్యత్తు అక్కర్లేదు. "ఆ గ్యాసు మీద వంట ఎంతసేపట్లో అవుతుందండీ?" అని అడిగాను. గంట చాలన్నారు. ఆ గంట అన్న మాట నా చెవుల్లో గుడిగంటలా మోగింది. గ్యాసు వస్తే ఏడున్నరకి వంట అవుతుంది, ఎనిమిదింటికి బస్సు, తొమ్మిదింటికి బడి. ఆవిడ షరతు ఆవిడకే అప్పజెప్పి వెళ్ళిపోవచ్చు. ఆ క్షణం నుంచి గోబర్ గ్యాసుకి ఆ ఊళ్ళో నాకంటే పెద్ద భక్తురాలు లేదు.

బావి తవ్వడం మొదలైంది. డెల్టా నేల సంగతి తెలిసిందే కదా, ఎనిమిది అడుగులు దిగేసరికి జల ఊరింది. నీళ్ళు తోడించడం, మళ్ళీ తవ్వడం. ఊళ్ళో వాళ్ళు గట్టు మీద కూర్చుని వినోదం చూశారు. "బావి తవ్వి, నీళ్ళు పడ్డాయని ఏడ్చిన రైతుని నిన్నే చూశానయ్యా" అని ఒక పెద్దమనిషి అన్న మాట ఆ వేసవి అంతా ఊరంతా తిరిగింది. ఇటుకలు కట్టడం అయ్యాక డ్రమ్ము లారీలో వచ్చింది. దాన్ని దింపడానికి పదిమంది పట్టారు.

పేడ పోసిన తర్వాత నెలన్నర నిరీక్షణ. మా ఆయన రోజూ పొద్దున్నే డ్రమ్ముకి సున్నంతో గీత పెట్టి, ఎంత లేచిందో వేళ్ళతో కొలిచేవారు. మొదట వచ్చిన గ్యాసు వెలగలేదు. వదిలెయ్యమని ముందే చెప్పారట. రెండోసారి నీలం మంట వచ్చింది. పొగలేదు, మసిలేదు, ఊదుగొట్టం పనిలేదు. నేను చప్పట్లు కొట్టాను.

"కొత్త పొయ్యి మీద ముందు పాలు పొంగించాలి" అన్నారు మా అత్తగారు. పొంగించారు. తూర్పు వైపుకి ధారాళంగా పొంగాయి, పొంగి మంటని ఆర్పేసి, కన్నాలన్నీ మూసేశాయి. "శుభం" అన్నారావిడ. మా ఆయన పిన్నీసుతో కన్నం కన్నం పొడుస్తూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. ఎదురింటి పెద్దావిడకి కాఫీ ఇస్తే వాసన చూసి కింద పెట్టేశారు. "పేడ గ్యాసంట గదా" అన్నారు. మా అత్తగారికి కోపం వచ్చింది. "ఇన్నాళ్ళూ పిడకల మీద కాచిన పాలు తాగావుగా వదినా, ఇల్లు అలికేది దేంతో? ఇప్పుడు కొత్తగా కంపొచ్చిందా?" అన్నారు. ఆ పూట ఆవిడ మీద నాకు ఎంతో గౌరవం కలిగింది. నాలుగు నెలలు నిలవలేదు.

జూన్‌లో బడి తెరిచారు. ఐదింటికి లేచి కుళాయి తిప్పి అగ్గిపుల్ల గీస్తే వంట. ఏడుంబావుకి పప్పూ కూరా దిగిపోయేవి. గంజి పెట్టిన చీర కట్టుకుని, క్యారియరు పట్టుకుని, కాలవ గట్టున నడిచి వెళ్తుంటే నా అంత భాగ్యవంతురాలు కృష్ణాజిల్లాలో లేదనిపించేది. నలభైమంది ఆడపిల్లలు లేచి నిలబడి "నమస్తే టీచర్" అంటే, ఒంట్లోంచి పొగంతా బయటికి పోయినట్టుండేది. ఎనిమిదో తరగతి పిల్లలకి భారతదేశ ఖనిజ సంపద పాఠం చెప్పాను. బొగ్గు ఎక్కడ, చమురు ఎక్కడ అని పటంలో చూపిస్తుంటే ఒక పిల్ల లేచి, "టీచర్, మీ ఇంట్లో పేడతో వండుతారంట గదండీ?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, ఆ రోజు పాఠం అదే చేశాను. వెనక వరండాలో నడుస్తున్న హెడ్‌మిస్ట్రెస్ గారు ఆగి విని వెళ్ళారు.

ఆగస్టు వచ్చేసరికి మంట తగ్గింది. ఒకరోజు పప్పు ఉడుకుతుండగానే ఆరిపోయింది, సగం ఉడికిన పప్పు పెట్టేసి పరిగెత్తాను. ఇంకోరోజు బస్సు కదులుతుంటే ఎక్కాను. మా ఆయన లెక్క ప్రకారం రోజుకి నాలుగు గంపల పేడ పడాలి. దమ్ముల కాలం, ఎడ్లు పగలంతా పొలంలోనే ఉంటున్నాయి, అంచేత కొంత తగ్గుతుందన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. ఆదివారం నాడు గడ్డివాము వెనక్కి వెళ్ళి చూశాను.

గోడ నిండా పిడకలు. ఒక్కొక్క దాని మీదా అయిదు వేళ్ళ అచ్చు. ఉంగరపు వేలు కొసన వంకర. చిన్నప్పుడు రోటి కింద పడి వంకరపోయిన వేలు ఆ ఊళ్ళో ఒక్కరికే ఉంది.

"అత్తయ్యా, ఆ పిడకలు ఎవరు చేశారు?" అని వెళ్ళి నిలదీశాను.

"కనపడట్లా? నా చెయ్యేగా" అన్నారు, పాలకుండ మీద మూత తీస్తూనే.

"గ్యాసుకి పేడ చాలట్లేదని మీకు తెలుసు గదా!"

"తెలుసు. దాలికి చాలట్లేదని నీకు తెలుసా? అంతా ఆ బావిలో పోస్తే నా పాలు దేనిమీద కాగాలి? నీ గ్యాసు మీద పాలు పొంగుతాయి గానీ కాగవు."

"పెరుగు కోసం నా ఉద్యోగం పోవాలా?"

"నీ ఉద్యోగం కోసం నా దాలి ఆరాలా? వంటిల్లు నీకిచ్చా. బియ్యం డబ్బా మూత కూడా నువ్వే తీస్తన్నావ్, నేనేమన్నా అన్నానా? ఈ ఇంట్లో నా చేతిలో మిగిలింది ఇదొక్కటే అమ్మాయ్."

ఈ చివరి మాట ఇవాళ రాస్తుంటే చెయ్యి ఆగింది. అప్పుడు నాకు వినబడనే లేదు. అత్తమీద కోపం దుత్తమీద అంటారు చూడండి, అంత పనీ చేశాను. చేతిలో ఉన్న ఖాళీ పాలచెంబు గట్టిగా కింద పెట్టాను. చెంబుకి సొట్ట పడింది, మా అత్తగారు చెంబు వైపు చూసి లోపలికి వెళ్ళిపోయారు.

మా ఆయన రాజీ చేశారు. మూడు గంపలు గ్యాసుకి, ఒక గంప దాలికి. మర్నాటి నుంచి ముసలి పాలేరు గంప నెత్తిన పెట్టుకుని పెరట్లో నిలబడి, "ఇది పెద్దమ్మగారి గంపాండీ, చిన్నమ్మగారి గంపాండీ?" అని కేకవేసేవాడు. ఊళ్ళో పిల్లలు ఆ కేకని ఆటలో పెట్టుకున్నారు.

ఇంతలో బ్లాకు ఆఫీసు నుంచి కబురు వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులని తీసుకొచ్చి మా ప్లాంటు చూపిస్తారట. మా ఆయనకి నేలమీద కాళ్ళు ఆనలేదు. వాకిలి అలికించారు, గోడలకి సున్నం వేయించారు. చావిడి మాత్రం నేను చేస్తానన్నాను. ఆఫీసర్లు వస్తుంటే పేడకంపు కొడితే టీచరమ్మ ఇల్లంటే ఏమనుకుంటారు? ముందు ఆదివారం పుట్టింటికి వెళ్ళినప్పుడు వన్ టౌన్‌లో పెద్ద సీసా ఫినాయిల్ కొనుక్కొచ్చాను. గొడ్లని బయట కట్టేయించి, సీసా మొత్తం నీళ్ళలో కలిపి, చావిడంతా పోసి, చీపురుతో గీకి గీకి కడిగాను. తెల్లటి నీళ్ళు కాలవలో పడి పారిపోతుంటే కళ్ళు చల్లబడ్డాయి. అచ్చం ఆస్పత్రి వాసన.

మా అత్తగారు ముక్కు మూసుకుని, "గేదెలకి సెంటు పూశావా ఏంటమ్మాయ్?" అన్నారు. మేము మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టి అప్పటికి రెండు రోజులయింది.

నాలుగో రోజున జనం వచ్చారు. నలభైమంది దాకా ఉంటారు. మా ఆయన డ్రమ్ము ముందు నిలబడి, అయిపోతున్న అడవుల దగ్గర మొదలుపెట్టి, ఇంటింటా నీలం మంట దాకా చక్కగా చెప్పారు. "ఇప్పుడు ఆ మంట మీదే కాచిన కాఫీ ఇస్తాం" అన్నారు. లోపల నేను పెద్ద గిన్నె పెట్టి కుళాయి తిప్పాను. మంట చిటికెన వేలంత వచ్చింది. పది గ్లాసులయ్యేసరికి టపుక్కున ఆరిపోయింది. మళ్ళీ గీశాను. లేదు. బయట డ్రమ్ము నీళ్ళలోకి దిగిపోయి కూర్చుంది.

అందరూ మా ఆయన వైపు చూస్తున్నారు. ఆయన మొహం చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. గుమ్మంలోకి వచ్చి, నలభైమంది మధ్యా, "పేడంతా పిడకలకి పోతుంటే గ్యాసు ఎక్కణ్ణించి వస్తుంది? అత్తయ్యనే అడగండి" అనేశాను.

మా అత్తగారు స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. కొంగు దోపుకుని లోపలికి వెళ్ళి, కట్టెల పొయ్యి వెలిగించి, మిగతా ముప్ఫైమందికీ కాఫీ పెట్టారు.

ఆఫీసర్లతో వచ్చిన మేస్త్రీ ఒకతను ప్లాంటు చుట్టూ తిరిగి, పేడ కలిపే తొట్టిలోకి వంగి చూసి, ముక్కు ఎగబీల్చాడు. "ఫినాయిల్ వాసన వస్తందేంటండీ?" అన్నాడు.

చావిడి కాలవ వెళ్ళి ఆ తొట్టిలోనే కలుస్తుంది. గొడ్డు పంచితం వృథా పోకూడదని మా ఆయనే అలా కట్టించారు. ఆ సంగతి నాకు తెలుసు, రోజూ చూసేదాన్నే. కడిగిన రోజు మాత్రం తట్టలేదు.

"కంటికి కనపడని పురుగులుంటాయండీ లోపల. పేడని గ్యాసు చేసేది అవే. ఫినాయిల్ పడితే చచ్చిపోవా మరి? మళ్ళీ పుంజుకోవాలంటే నెల పడుతుందండీ, అదీ పుష్కలంగా కొత్త పేడ వేస్తే" అన్నాడతను.

నలభైమందీ ఈసారి నావైపు చూశారు. మా అత్తగారు కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని అక్కడే ఉన్నారు, అంతా విన్నారు. ఒక్కమాట అని ఉంటే నా ప్రాణం కుదుటపడేది. "తీసుకోండి అన్నయ్యగారూ, చల్లారిపోద్ది" అని ఎవరికో గ్లాసు అందించి ముందుకి వెళ్ళిపోయారు.

సాయంత్రం గదిలో కూర్చుని హెడ్‌మిస్ట్రెస్ గారికి ఉత్తరం రాశాను. ఇంటి పరిస్థితుల వల్ల రాలేనని నాలుగు ముక్కలు. ఒక్కరోజు ఆలస్యమైనా ఊరుకోని మనిషి నెలరోజులు ఊరుకుంటుందా? చేతులారా చేసుకున్నదే. ఎవర్నీ అనడానికి లేదు. అది మరీ బాధగా ఉంది.

మర్నాడు ఐదింటికి లేచేసరికి వంటింట్లోంచి పొగ వస్తోంది. వెళ్ళి చూస్తే మా అత్తగారు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుతున్నారు. అన్నం దిగి ఉంది. పప్పు కుతకుతలాడుతోంది. ఎన్నింటికి లేచారో తెలియదు. కళ్ళు ఎర్రగా వాచిపోయి ఉన్నాయి.

"అత్తయ్యా, నిన్న నేను..." అన్నాను.

"నిన్నటిది నిన్నే అయిపోయింది. చారు కాగేలోపు జడేసుకో. బస్సు పోద్ది."

"ఎందుకత్తయ్యా మీకీ కష్టం, నేను మానేస్తానని ఉత్తరం రాశాను."

"రాస్తే చించెయ్యి. నలుగురిలో నా మీద అరిచిందానివి, ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే ఇంకెవరి మీద అరుస్తావ్? నా మీదేగా. ఆ పిల్లల మీద అరుద్దువు పో" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక, పొగని అడ్డం పెట్టుకుని రెండూ చేశాను.

అలా ఒకరోజు కాదు. రోజూ. వారం గడిచాక గానీ నేను చూడలేదు, దాలి గూడు చల్లగా ఉందని. బూడిద ఎత్తేసి, పాలకుండ కడిగి బోర్లించి ఉంది. ముసలి పాలేరుని అడిగాను.

"నాలుగు గంపలూ బావిలోకే పొయ్యమన్నారండీ పెద్దమ్మగారు. చాలట్లేదని మధ్యాన్నాలు ఆవిడే గంప పట్టుకుని నాలుగిళ్ళకీ ఎళ్ళి తెస్తన్నారండీ. మీతో చెప్పొద్దన్నారు."

మా అత్తగారు ఎవరి గుమ్మమూ ఎక్కి ఉప్పురాయి కూడా అడిగి ఎరుగరు. అందరూ గిన్నె పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళే. అలాంటి మనిషి ఎండలో గంప పట్టుకుని, తోడు కోసం వచ్చినవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి పేడ పెట్టమని అడుగుతున్నారు. నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని కంకిపాడు దాకా ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను. కండక్టరు టికెట్ అడగకుండా రెండుసార్లు దాటిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన పెరుగు వేసుకుని, "ఏంటమ్మా ఇది, నీళ్ళలా ఉంది?" అన్నారు.

"నోరు మూసుకుని తిను. ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగం చేస్తంది" అన్నారు మా అత్తగారు.

మేస్త్రీ చెప్పినట్టే నెల దాటాక ఒక తెల్లవారుజామున మా ఆయన డ్రమ్ము దగ్గర్నుంచి కేకలు వేశారు. లేచింది, నాలుగు వేళ్ళు లేచిందట. లోపలికి పరిగెత్తుకొచ్చి కుళాయి తిప్పారు. నీలం మంట గిన్నె అడుగంతా పరుచుకుంది. మా అత్తగారు పొయ్యి ముందునుంచి మోకాళ్ళు పట్టుకుని లేచి, చేతులు దులుపుకుని, "ఇక నీ వంటిల్లు నువ్వు చూసుకో" అన్నారు.

పెరట్లో పాలేరు మొదటి గంప ఎత్తుకుని బావి వైపు వెళ్తున్నాడు. నేను గడప దాటి వెళ్ళి ఆపాను. "అది దాలికి. ఇవాళే కాదు, రోజూ మొదటి గంప దాలికే. మిగిలిందే గ్యాసుకి" అన్నాను. అతను గంపతోనే తిరిగి మా అత్తగారి వైపు చూశాడు.

"గ్యాసు చాలకపోతే?" అన్నారావిడ గుమ్మంలోంచి.

"చాలకపోతే నాలుగింటికి లేచి నేనే కట్టెలు పెడతాను."

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. తర్వాత బోర్లించిన కుండ వెల్లకిలా తిప్పి, కొంగుతో లోపలంతా తుడిచారు.

"పొగలో బళ్ళోకి కట్టుకెళ్ళే చీర పాడవుద్ది" అన్నారు. "నేను పెడతాలే. నువ్వు బస్సుకెళ్ళు."